దసరాకు పెరిగిన పళ్ళు

ఈమధ్య మా పాత కాలేజీకి వెళ్ళాను. ఇప్పటి పిల్లలు పేషెంటు నోట్లో కర్రలాంటి చిన్న కెమెరా తిప్పగానే పళ్ళన్నీ తెర మీదకు వచ్చేశాయి. ప్రతి పన్ను పక్కనా దాని వెడల్పు అంకె. "ఇంక కొలతలో తప్పొచ్చే ఛాన్సే లేదు మేడమ్, ఎన్నిసార్లు కొలిచినా అదే వస్తుంది," అన్నాడు ఒక పీజీ కుర్రాడు, మా కాలం మీద జాలిపడుతూ. ఎన్నిసార్లు కొలిచినా అదే రావడం గురించి నాకు కొంత తెలుసు. అతను కాఫీ తెప్పించేలోపు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ ఆ కర్ర చివరను పరీక్షగా చూశాను. పెద్దావిడ చాదస్తం అనుకుని ఉంటాడు. ఎందుకు చూశానో అక్కడ చెప్పే వ్యవధి లేకపోయింది. అతనికీ, అతని ఈడు వాళ్ళకూ ఇక్కడ చెబుతున్నాను.

తొంభైల చివర్లో నేను బెంగళూరులో ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో, వంకర పళ్ళు సరిచేసే విభాగంలో లెక్చరర్ని. మాది హిందూపురం పక్క. మా పనిని వైద్యం అంటారు గానీ సగం రోజు సీట్ల సర్దుబాటే. దవడను సిటీ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు అనుకోండి. సన్నవాళ్ళు ముగ్గురు పడితే చక్కగా కూర్చుంటారు. లావువాళ్ళు పడితే ఒకరు ముందుకు జరుగుతారు, ఒకరు ఓరగా తిరుగుతారు, ఒకరు పక్కవాళ్ళ ఒళ్ళోకి వస్తారు. పళ్ళూ అంతే. అందుకని దవడలో చోటెంత ఉందో ఇత్తడి తీగ వంచి చూస్తాం. పళ్ళ వెడల్పులన్నీ కలిపితే ఎంతో కొలుస్తాం. చోటు కన్నా పళ్ళు ఎక్కువైతే ఆ తేడా పేరు లోటు. లోటు కొంచెమే అయితే తీగలు కట్టి సర్దేస్తాం. హద్దు దాటితే కోరపళ్ళ వెనక ఉండేవాటిని పైన రెండు, కింద రెండు పీకించి చోటు చేస్తాం. వాటికి పుచ్చు ఉండదు, నొప్పి ఉండదు, పాపం వాటి తప్పేమీ ఉండదు. పీకితే మళ్ళీ రావు.

కొలవడం నోట్లో కాదు. నోటి అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి, ఆ నమూనా మీద కాలిపర్‌తో కొలిచేవాళ్ళం. కాలిపర్ అంటే రెండు ముక్కులున్న స్కేలు. ఒక ముక్కు పంటికి ఇటుపక్క, ఇంకొకటి అటుపక్క ఆనించి మధ్య దూరం చదవాలి.

మా విభాగంలో కాలిపర్ ఒక్కటే. ప్రొఫెసర్‌గారు విదేశంలో శిక్షణకు వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చారు. దాని ముక్కులు సూదుల్లా ఉండేవి. నీలం మఖ్మల్ పెట్టెలో పడుకోబెట్టేవారు. ఆయనది కోలారు పక్క, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు. ఇంకో కాలిపర్ కొందామని నేనొకసారి అడిగితే, "ఎందుకమ్మా? రెండు ఉంటే రెండు నిజాలు వస్తాయి. రెండు నిజాలు పెట్టుకోని నేనేం చేసేది?" అన్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే ప్రతి నమూనానూ ముగ్గురం కొలవాలి: ఆయన, నేను, ఒక సీనియర్ పీజీ. ఒకరి అంకె ఒకరికి చూపకూడదు. మూడూ కలిస్తే సరి, లేకపోతే మళ్ళీ మొదటినుంచి. మూడూ కలవడం మాత్రం నేను చూడలేదు. సూది ముక్కు ప్లాస్టర్ మీద జారేది, గీత పడేది. ఆయనకు ఒకటి, నాకు ఇంకోటి, పీజీకి మూడోది వచ్చేవి. రోజూ గొడవే. పీజీ ఏడుపుముఖం పెట్టేవాడు, నేను కాలిపర్ బల్ల మీద పెట్టేసి కాఫీకి వెళ్ళిపోయేదాన్ని.

ఇక ఆయుధపూజ. బెంగళూరులో దాన్ని ఎలా చేస్తారో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆటోలకూ బస్సులకూ అరటి పిలకలు కట్టే ఊరు, డెంటల్ కుర్చీలను వదులుతుందా? ప్రతి కుర్చీకీ దండ, ఎక్స్‌రే మెషీన్‌కు పెద్ద దండ, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. పరికరాలన్నీ ఒక బల్ల మీద పరిచి గంధం, కుంకుమ పెట్టేవాళ్ళు. నవమినాడు వాటిని ముట్టరాదు. దశమినాడు బొట్టుతోనే పని మొదలుపెట్టాలి. ఆ బొట్టు దానంతటది పోవాలి గానీ ఎవరూ తుడవకూడదు. నోట్లోకి వెళ్ళే పరికరాలకు మాత్రం మినహాయింపు, అవి ఎటూ నీళ్ళలో ఉడుకుతాయి.

తుడవకూడదనేదానికి ఒక చరిత్ర ఉంది. నేను చెప్పబోయే దసరాకు ముందు ఏడు కొత్తగా చేరిన పీజీ అమ్మాయి ఎక్స్‌రే మెషీన్ మీది బొట్టును స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచింది. ఆ వారమే మెషీన్ కాలిపోయింది. మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్ కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అని రాసిచ్చాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఉన్నవాళ్ళ మధ్య తుడిచి చూపించే ధైర్యం కూడా లేదు.

ఆ ఏడు పూజ ఏర్పాట్లు మా ల్యాబ్ టెక్నీషియన్ చేశాడు. దొడ్డబళ్ళాపురం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఇంట్లో పట్టు మగ్గాలు. అతనికి మా పరికరాల మీద ఒక ఫిర్యాదు ఉండేది.

"మా ఇంట్లో మగ్గానికి పెట్టిన బొట్టు మళ్ళా దసరా దాకా ఉంటాది మేడమ్. ఈడ మూణ్ణాళ్ళకే రాలిపోతాది. ఈ స్టీలుకు భక్తి అనేదే లేదు."

"స్టీలుకు భక్తి నేర్పుతావా ఏం?" అన్నాను.

"ఈసారి చూడండి," అన్నాడు.

కట్టుడు పళ్ళకు చిగుళ్ళు తయారుచేయడానికి ల్యాబులో ఒక పొడీ ఒక ద్రవమూ ఉంటాయి. కలిపితే కాసేపటికి రాయిలా గట్టిపడతాయి. అతను ఆ ముద్దలో కుంకుమ కలిపాడు. ఆ సంగతి మాకు అప్పట్లో తెలియదు. మాకు కనిపించిందల్లా, ప్రొఫెసర్‌గారి కాలిపర్ రెండు ముక్కుల చివరా ఆవగింజలంత ఎర్రని బొట్లు, ముత్యాల్లా నున్నగా మెరుస్తూ. ఎంత ముచ్చటగా పెట్టాడో అని అందరం మెచ్చుకున్నాం. మూస్తే నలిగిపోతాయని ప్రొఫెసర్‌గారు ముక్కులు కాస్త తెరిచే పెట్టెలో పెట్టమన్నారు.

దశమి తర్వాత మొదటి నమూనా కొలిచాం. మూడు అంకెలూ కలిశాయి. రెండోది కొలిచాం. కలిశాయి. మూడోదీ కలిసింది. పీజీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొట్టు వల్ల ముక్కు జారడం లేదు, గీతా పడడం లేదు. ఎక్కడ పెడితే అక్కడే బుద్ధిగా ఆగుతోంది. ప్రొఫెసర్‌గారు పొద్దున కొలిచి, మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్ళీ కొలిచేవారు. అదే అంకె.

"నా సర్వీసులో ఇంత బాగా కుదిరింది లేదమ్మా. ఇంగ ఏం కావాల? రిలయబుల్! పూర్తిగా రిలయబుల్!" అన్నారు.

ఆ ఆనందంలో మేం ఇంకో విషయం ఆలస్యంగా గమనించాం. వచ్చిన ప్రతి పేషెంటుకూ లోటు హద్దు దాటుతోంది. దసరా ముందు పది నమూనాల్లో ఏ నాలుగింటికో పళ్ళు పీకాలని తేలేది. దసరా తర్వాత దాదాపు అందరికీ పీకాల్సిందే. బెంగళూరు పళ్ళు ఉన్నట్టుండి లావెక్కాయి.

మేం చదువుకున్నవాళ్ళం కదా, కారణాలకు కొదవేముంది. యలహంక వైపు బోరునీళ్ళలో ఏదో ఉందని ఒకరన్నారు. సెలవుల్లో తిన్న బొబ్బట్లలాంటి హోళిగల వల్ల చిగుళ్ళు వాచి ఉంటాయని ఇంకొకరు. చిగుళ్ళు వాస్తే పళ్ళెందుకు పెరుగుతాయని అడిగినవాళ్ళు లేరు. ప్రొఫెసర్‌గారు మాత్రం లోతుగా ఆలోచించి, పేషెంట్లలో కూలిపనికి వచ్చిన అనంతపురం, కర్నూలు వాళ్ళు ఎక్కువని గమనించారు.

"మీ సీమ పండ్లు పెద్దవి ఉండాయమ్మా. రాగులు, జొన్నలు నమిలి నమిలి తరతరాలుగా పెరిగినాయి," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మొన్న కొలిచింది మల్లేశ్వరం అబ్బాయిని సార్. వాళ్ళు ఆరు తరాలుగా ఇడ్లీ తింటున్నారు," అన్నాను.

"ఇరుగు పొరుగు. నీళ్ళు ఒకటే కదా," అని ఆయన నోట్ చేసుకున్నారు. బెంగళూరు జనం పళ్ళ పరిమాణంలో వస్తున్న మార్పు మీద సదస్సులో పేపరు చదవాలని అప్పటికే నిర్ణయించుకున్నారు. అందులో నా పేరు రెండోది.

ఆ రోజుల్లో వచ్చిందే యలహంక అమ్మాయి. పదమూడు, పద్నాలుగేళ్ళు ఉంటాయి. మేం అక్కడ పెట్టిన ఉచిత క్యాంపులో దొరికింది. తండ్రి తాపీ పని, తల్లి అదే బిల్డింగులో ఇటుకలు మోసేది. ధర్మవరం దగ్గరి పల్లె నుంచి వచ్చారు. పిల్ల కోరపన్ను ఒకటి పైకెక్కి కూర్చుంది. క్లాసులో పాఠం చదవమంటే పుస్తకాన్ని మూతికి అడ్డం పెట్టుకుని చదివేదట. నమూనా కొలిచాం. ముగ్గురికీ అదే అంకె. నాలుగు పళ్ళు పీకాలి.

తల్లి ప్రొఫెసర్‌గారి ఎదుట స్టూలు మీద కూర్చుంది. కొంగు తలమీదికి లాక్కుని అన్నీ వింది.

"ఆ పండ్లు పుచ్చినాయా సామీ?"

"లేదమ్మా, బాగుండాయి."

"కదులుతాండాయా?"

"లేదు."

"మల్ల బాగుండే పండ్లు నాలుగు పీకేది ఎందుకు?"

ఆయన ఓపిగ్గా కాలిపర్ తీసి, నమూనా మీద పెట్టి చూపించారు. లెక్క చెప్పారు. ఆమె ఆ ఎర్ర బొట్ల వైపు భక్తిగా చూసిందే గానీ మొహం మాత్రం మారలేదు.

"నీ పండ్లయితే పీకిచ్చుకుంటావా సామీ?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మేమంతా చుట్టూ ఉన్నాం. ప్రొఫెసర్‌గారు కాలిపర్ పెట్టెలో పెట్టి, నిటారుగా కూర్చుని, "లెక్క అట్లొస్తే తప్పకుండా పీకించుకుంటానమ్మా. నాకొక న్యాయం, నీ బిడ్డకొక న్యాయం లేదు," అన్నారు. సొంత మేనకోడలికే నాలుగు పళ్ళు పీకించిన మనిషి. ఆ ఇంట్లో ఏడాది పాటు ఆయనకు కాఫీ ఇవ్వలేదని చెప్పుకునేవాళ్ళు.

ఆమె బిడ్డ వైపు తిరిగి చూసింది. "సరే. దీపావళి కానీ. పండగ పూట బిడ్డ తినల్ల కదా," అంది.

అది ఆమె ఒక్కతె అడిగిన వాయిదా కాదు. దసరాకూ దీపావళికీ మధ్య పళ్ళు పీకించుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. అలా మా లావు పళ్ళవాళ్ళంతా పండగ తర్వాతికి వరుసలో ఉన్నారు. ఆ వరుసలో మొదటిది ఈ పిల్ల.

దీపావళి వెళ్ళింది. తర్వాతి సోమవారం పొద్దున పిల్లనూ తల్లినీ కింది అంతస్తులో, పళ్ళు పీకే విభాగం ముందు బెంచీ మీద చూశాను. పిల్ల రెండు జడలు వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పరీక్షకు వచ్చినట్టు కూర్చుంది. "అక్కా, నొప్పి లేకుండా చూడండక్కా," అంది తల్లి. చూస్తానని చెప్పి పైకి వచ్చాను. కొత్త పీజీలకు అదే పూట కొలవడం నేర్పాలి.

ప్రతి ఏడూ దానికి ఒక నమూనానే వాడేవాళ్ళం. గాజు బీరువాలో పైన, అందరికీ కనిపించేలా పెట్టి ఉండేది. అది ప్రొఫెసర్‌గారి నోరే. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు వాళ్ళ గురువు ఆయన పళ్ళు చూసి ముచ్చటపడి అచ్చు తీయించాడట. మంచి పలువరుసంటే ఇలా ఉండాలని చూపించడానికి. లోటు సున్నా. పిల్లలు కొలిచి సున్నా వస్తే కొలవడం వచ్చినట్టు.

కొత్త పీజీ ఒక్కో పన్నూ కొలిచి అంకె చెబుతున్నాడు. నేను బోర్డు మీద రాస్తున్నాను. ప్రొఫెసర్‌గారు చేతులు వెనక్కి కట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డారు. అంకెలన్నీ కలిపాను. అందులోంచి తీగ కొలత తీసేశాను. లోటు హద్దు దాటింది.

వెనక నుంచి ఒక అమ్మాయి, "సార్, ఇది ఎక్స్‌ట్రాక్షన్ కేసా, పీకాల్సిందేనా?" అని అడిగింది. ఆ అమ్మాయికి ఆ నోరు ఎవరిదో తెలియదు.

"కొత్త చెయ్యి కదా, నేను చూస్తాను," అని నేను కొలిచాను. అదే వచ్చింది. సీనియర్ పీజీ కొలిచాడు. అదే. ఆఖరికి ఆయనే కాలిపర్ తీసుకుని తన పళ్ళను తానే కొలుచుకున్నారు. అంకె మాత్రం మారలేదు.

"నలుగురికీ ఒకటే," అన్నారు చిన్నగా. "రిలయబుల్."

గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి చూసుకున్నారు. పళ్ళన్నీ చక్కగా వరుసలోనే ఉన్నాయి. "పైకి కనబడదు సార్, లోపల ఒత్తిడి ఉంటుందేమో," అన్నాడు సీనియర్ పీజీ, సాయం చేస్తున్నాననుకుని. ఆయన తల ఊపారు. ఈ మధ్య కింది పన్ను ఒకటి ఒకవైపు బరువుగా ఉన్నట్టు అనిపిస్తోందని కూడా అన్నారు. కోలారు కూడా రాగుల సీమే కదా అని ఆయనకు తట్టినట్టుంది.

నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"ఆ తల్లికి మాట ఇచ్చినానమ్మా. బిడ్డ కింద కూర్చోనుండాది. దాని పండ్లు పీకి నావి ఉంచుకుంటే, నేను రేపు ఈ గదిలో ఏం చెప్పేది?"

అని కోటు సరిచేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. పీజీలంతా ఆయన వెంట దిగారు. పైన నేనూ, ఆ నమూనా మిగిలాం. దాన్ని బీరువాలో పెట్టబోతూ తిరగేశాను. అడుగున పెన్సిల్‌తో ఆయన విద్యార్థి రోజుల రోల్ నంబరు ఉంది. ప్లాస్టర్ పసుపు తిరిగి, అంచులు అరిగి ఉన్నాయి. అప్పుడు తట్టింది నాకు. మేం కొలిచింది ఆయన నోరు కాదు, ఈ ముద్దను. బోరునీళ్ళు ఇది తాగలేదు. హోళిగలు తినలేదు. రాగులు నమలలేదు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో గట్టిపడిన ప్లాస్టర్ దసరాకు ఎలా పెరుగుతుంది?

నమూనాను ఒక చేత్తో, కాలిపర్‌ను ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

కింద పక్కపక్కనే రెండు కుర్చీలు. ఒకదాంట్లో పిల్ల, మెడకు గుడ్డ కట్టి ఉంది. ఇంకోదాంట్లో ప్రొఫెసర్‌గారు, ఆయన మెడకూ అదే గుడ్డ. పిల్ల భయపడకుండా ముందు తనవి పీకమన్నారట. సర్జన్‌గారు మంగళూరు ఆయన, పొదుపుగా మాట్లాడే మనిషి. సీనియర్ ప్రొఫెసర్ నాలుగు మంచి పళ్ళు పీకమంటే ఎందుకని కూడా అడగలేదు. మత్తు సూది అప్పటికే పొడిచేశారు. ప్రొఫెసర్‌గారి కింది పెదవి ఒకపక్క వాలిపోయి ఉంది. తల్లి తలుపు దగ్గర నిలబడి, నోటిమీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఆగండి!" అని అరిచాను. "సార్, ప్లాస్టర్ పెరగదు సార్!"

ఆయన నావైపు చూశారు. నమూనా చూశారు. ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆయన మొహం మీదికి ఆ అర్థం మెల్లగా, మత్తు లేని పక్కకు మాత్రమే వచ్చింది.

"కాలిపర్ మూయి," అన్నారు.

మూశాను. రెండు ఎర్ర బొట్లు ఒకదానికొకటి తగిలి ఆగిపోయాయి. సున్నా దగ్గర ఉండాల్సిన గీత ముందే నిలబడిపోయింది. ఆ మందమే ప్రతి పంటికీ చేరింది, వరుసలో పళ్ళన్నిటికీ కలిపి లోటు అయి కూర్చుంది. ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం, ఎందుకంటే ముగ్గురం ఆ బొట్లతోనే కొలిచాం.

ఇంక చేయాల్సింది ఒకటే: ఆ బొట్లు గీకేయాలి. గదిలో ఎవరూ కదల్లేదు. నేను సీనియర్ పీజీని చూశాను. అతను ఎక్స్‌రే మెషీన్‌ను తలుచుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. గొడవ విని వచ్చిన టెక్నీషియన్, "అది రాలదు మేడమ్. గ్యారంటీ," అన్నాడు గర్వంగా. దాన్ని దేనితో చేశాడో అప్పుడే చెప్పాడు. ఆఖరికి సర్జన్‌గారి వైపు కాలిపర్ చాపాను. వేల పళ్ళు పీకిన చెయ్యి ఆయనది. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"నేను పళ్ళు పీకుతాను మేడమ్. పూజ బొట్టు పీకను."

"ఆయుధపూజది కదమ్మా," అన్నారు ప్రొఫెసర్‌గారు కుర్చీలోంచి, పెదవి సహకరించకపోయినా. "ఎవరన్నా గుడి అయ్యవారిని అడుగుదామా?"

నాకు కోపం వచ్చింది, ముఖ్యంగా నా మీదే. గీకేద్దామని చూపుడువేలి గోరు ఆనించాను, అదీ ఆగిపోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఒక పిల్లకు నాలుగు పళ్ళు పీకడానికి లేని సంకోచం ఒక ఆవగింజ దగ్గర వచ్చింది మాకు.

తల్లి లోపలికి వచ్చింది. "ఏంటికక్కా అందరూ అట్ల నిలబడిండారు?"

చెప్పాను. ఈ కుంకుమ అడ్డం పడి కొలత తప్పు వచ్చిందనీ, ఇది తీస్తేగానీ నీ బిడ్డ పళ్ళు పీకాలో వద్దో తెలియదనీ, తీయడానికి అందరూ భయపడుతున్నారనీ. ఆమె నన్ను వింతగా చూసింది.

"కుంకుమేనా? పూజ కుంకుమ తీసి నొసట పెట్టుకుంటారు కదక్కా. పారేస్తే తప్పు గానీ, పెట్టుకునేదానికి తప్పేముండాది? ఇట్లియ్యి."

గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. దాని మొనను బొట్టు కిందికి దూర్చి పైకి ఎత్తింది. టక్కుమని ఊడింది. ఆ నున్నటి ముక్కు మీద అది అంటుకుని ఉన్నదే గానీ పట్టుకుని లేదు. రెండోదీ ఊడింది. ఒకటి తన బిడ్డ నొసట పెట్టి అదిమింది. రెండోది చేతిలో పెట్టుకుని చుట్టూ చూసి, కుర్చీలో పడుకుని ఉన్న ప్రొఫెసర్‌గారి దగ్గరికి వెళ్ళింది.

"నీకూ పెడతాను సామీ. బిడ్డ కోసరం ముందు నువ్వు కూర్చుంటివి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆమె పెట్టింది. ఏ మెషీనూ కాలిపోలేదు. ఆయన నొసటి మీద ఆ ఎర్రని ఆవగింజ మెరుస్తూ నిలబడింది. మొహంలో మిగతా సగం మత్తుగా వాలి ఉంది. నవ్వు ఆపుకోవడానికి నేను గోడవైపు తిరిగాను. ఆ నవ్వులోనే ఎందుకో కన్నీళ్ళు కూడా వచ్చాయి.

పిల్ల నమూనా పైనుంచి తెప్పించాం. ఆ కుర్చీల మధ్యనే, సర్జన్‌గారి ట్రే మీద పెట్టి, ముగ్గురం కొలిచాం. ముక్కు జారింది. గీత పడింది. మూడు అంకెలు వచ్చాయి, మూడూ వేరువేరు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళకు మళ్ళీ మేం నిజం దగ్గరికి, గొడవపడేంత దగ్గరికి వచ్చాం. మూడింటిలో ఏది తీసుకున్నా లోటు హద్దు లోపలే ఉంది.

"పీకేది లేదు," అన్నారు ప్రొఫెసర్‌గారు.

"మల్ల మీవి?" అని అడిగింది తల్లి.

"నావీ లేదమ్మా."

పిల్ల మెడ గుడ్డను తనే విప్పుకుని కుర్చీలోంచి దూకింది. సర్జన్‌గారు ట్రేలో సర్దిన పటకారులు ఒక్కొక్కటే తీసి పెడుతూ, "సార్, మత్తు దిగేదాకా పెదవి కొరుక్కోకండి," అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

వరుసలో ఉన్న మిగతావాళ్ళందరినీ పిలిపించి మళ్ళీ కొలిచాం. కొందరికి పీకాల్సే వచ్చింది, చాలామందికి రాలేదు. బెంగళూరు పళ్ళు పెరుగుతున్నాయనే పేపరు గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. సీమ పళ్ళ సంగతి మాత్రం సమయం వచ్చినప్పుడల్లా గుర్తుచేసేదాన్ని. తర్వాతి దసరా నుంచి బొట్టు కాలిపర్‌కు కాక దాని పెట్టె మూతకే పెట్టాలని నియమం వచ్చింది. టెక్నీషియన్ కొంచెం నొచ్చుకున్నాడు. పెట్టె మీద అతను పెట్టిన బొట్టు నేను రిటైరయ్యే నాటికి కూడా అలాగే ఉంది.

ఆ పిల్లకు తీగలు విప్పిన రోజు నాకు బాగా గుర్తు. రెండేళ్ళు దాటింది అప్పటికి. యలహంకలో పదో తరగతి పూర్తిచేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా గలగలా మాట్లాడుతోంది. ప్రొఫెసర్‌గారు ఆమె నోరు తెరిపించి, కోరపళ్ళ వెనక ఉన్న ఆ నాలుగింటినీ వేలితో ఒక్కొక్కటే తాకి చూశారు. తర్వాత చివరి నమూనా కొలవడానికి కాలిపర్ తీశారు. కొలిచే ముందు ముక్కులు రెండూ పూర్తిగా మూసి, కిటికీ వైపు తిరిగి, ఎండకు ఎదురుగా కళ్ళ ఎత్తుకు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలోంచి వెలుతురు రాకూడదు. వస్తే ఏదో అడ్డం ఉన్నట్టు. ఆ సోమవారం తర్వాత ఆయన ఒక్కరోజు కూడా అది మానలేదు. మాకూ అదే అలవాటు చేశారు.

తల్లి అది చూసి బిడ్డ భుజం మీద చెయ్యి వేసింది. "నిమ్మళంగా ఉండు," అంది గుసగుసగా. "సారు సామానుకు మొక్కుకుంటాండాడు."

ప్రొఫెసర్‌గారికి వినపడింది. నాకూ వినపడింది. మొక్కు కాదని ఇద్దరమూ చెప్పలేదు.